పొంగనాల పెనంలో గుర్రం

"ముట్టుకోకండి. ఎవరూ ముట్టుకోకండి," అన్నాడు శశికాంత్ మూడోసారి.

ముట్టుకునే ధైర్యం ఎవరికుంది గనక. భోజనాల బల్ల మీద నిన్నటి ఇంగ్లీషు పేపరు పరిచి ఉంది. దాని మీద చూపుడువేలంత ఇనప ముక్క ఒకటి, మిషను నూనె మెరుపుతో, హాయిగా పడుకునుంది. దాని చుట్టూ ఇంట్లోవాళ్ళు నిలబడ్డారు. ఆదివారం పొద్దున్న తొమ్మిదైంది. పదకొండో అంతస్తులోని ఆ ఫ్లాటులో అప్పటిదాకా ఎవరూ కాఫీ తాగలేదు.

"తాతే హార్స్ అన్నారు," అంది సుచిత్ర, ఎనిమిదేళ్ళ మనవరాలు, మోసపోయిన గొంతుతో, ఇక్కడి బడి ఇంగ్లీషులో. "దిస్ వన్ వేర్ గాట్ హార్స్? కాళ్ళు కూడా లేవు లా."

"తుపాకీ గుర్రమే తల్లీ అది," అన్నారు సుధాకరరావు ఓపిగ్గా. "మీట నొక్కామనుకో, ఇది ఎగిరి తూటా వెనకాల ఒక్క తన్ను తంతుంది. తంతుంది కాబట్టి మనవాళ్ళు గుర్రం అన్నారు."

"నాన్నగారూ, ఇప్పుడు పాఠాలొద్దు," అన్నాడు శశికాంత్.

పిల్ల చేసిన తప్పేం లేదు. తాత, నానమ్మ నర్సీపట్నం నుంచి వచ్చి మూడు రోజులైంది. సూట్‌కేసులో పూతరేకుల డబ్బా ఇంకా ఎక్కడో మిగిలిందన్న ఆశతో పొద్దున్నే అడుగుదాకా తవ్వింది. పూతరేకులు దొరకలేదు. గుంతపొంగనాల పెనం దొరికింది. పెనం గుంతలో నూనెగుడ్డ మూట, మూటలో ఇది. తాతకి చూపించి ఏమిటని అడిగింది. వెంట తెచ్చుకున్న తెలుగు వారపత్రిక చదువుకుంటున్న మనిషి పరధ్యానంగా "గుర్రం" అన్నారు. అన్న తరవాత తలెత్తి చూశారు. అప్పటికి పిల్ల "డాడీ, హార్స్!" అంటూ హాల్లోకి పరిగెత్తింది.

"మీకు అర్థమవుతోందా నాన్నగారూ? ఇది నర్సీపట్నం కాదు. ఈ దేశంలో తుపాకీ ముక్క దొరికినా తుపాకీ దొరికినట్టే. జైలు. ఆపైన బెత్తం దెబ్బలు."

"అరవై నాలుగేళ్ళ వాణ్ణి బెత్తంతో కొడతారా?" అన్నారు సుధాకరరావు, నిజంగా తెలుసుకుందామన్నట్టు.

"యాభై దాటితే కొట్టరు," అని నోరు జారాడు శశికాంత్.

"మరింకేం."

కోడలు నిఖిల ఫక్కుమని నవ్వింది. నవ్విన మరుక్షణం కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుని పిల్లని దగ్గరికి లాక్కుంది. ఇంకో నాలుగు నెలల్లో రెండు వేల సంవత్సరం. బ్యాంకు కంప్యూటర్లు ఆ రాత్రి తికమక పడకుండా చూసే పని శశికాంత్‌ది. ఇంటికి రావడమే గగనంగా ఉంది. ఇక్కడే స్థిరపడతామని పెట్టుకున్న దరఖాస్తు పోయిన నెలే ప్రభుత్వానికి వెళ్ళింది. ఇవన్నీ ఆ అమ్మాయి మొహంలో ఒకదాని వెనక ఒకటి కనిపిస్తున్నాయి.

"అసలెందుకు తెచ్చారు?" అన్నాడు శశికాంత్.

సుధాకరరావు ఎవరి వైపూ చూడలేదు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"తెచ్చాను. పొరపాటు," అన్నారు.

వంటింటి గుమ్మంలో ఆయన భార్య అరుంధతి అట్లకాడ పట్టుకుని నిలబడిపోయింది. వెనకాల బాణలిలో ఉప్మా మాడుతోంది. మాడనీ అనుకుంది.

ఎందుకంటే ఆ మూట కట్టింది ఆవిడ. పెనంలో పెట్టింది ఆవిడ. అంతకుముందు, నర్సీపట్నం ఇంట్లో మధ్యాహ్నం తలుపు గడియ వేసుకుని, ఆ గుర్రాన్ని తుపాకీలోంచి విప్పింది కూడా ఆవిడే. సుధాకరరావుకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. మూట ముడి చూసి ఆయనే పోల్చుకున్నారు. పోల్చుకుని, రెండో ఆలోచన లేకుండా నేరం తన నెత్తిన వేసుకున్నారు.

ఆ తుపాకీ సంగతి కాస్త చెప్పుకోవాలి. అది అరుంధతి మావగారు దశరథరామయ్య గారిది. అమెరికా వాళ్ళు చేసిన పాతకాలపు లీవరు రైఫిలు. మీట చుట్టూ ఉన్న ఇనప కడియంలో వేళ్ళు దూర్చి, కిందికి లాగి పైకి కొడితే ఒక తూటా బయటకి, ఇంకో తూటా లోపలికి. ఆయన ఏజెన్సీ అడవుల్లో దానితో తిరిగిన రోజులు వేరు. వేట మానెయ్యమని ప్రభుత్వం చట్టం తెచ్చాక ఆయన మారు మాట్లాడకుండా మానేశారు. కానీ తుపాకీని మానలేదు. ఏడాదికోసారి లైసెన్సు, నెలకోసారి నూనె, వానాకాలంలో వారానికోసారి.

మంచి మనిషే గానీ, కొడుకు చేతిని మాత్రం ఆయన నమ్మలేదు. సుధాకరరావు పట్టుకుంటే స్క్రూ తలలు అరిగిపోయేవి. ఒకసారి కమాను, అదే స్ప్రింగు, ఎగిరి ధాన్యం గాదెలో పడితే రెండు రోజులు వెతికారు. పదిహేడేళ్ళకి కాపరానికొచ్చిన కోడలు ఆ కమానుని పది నిమిషాల్లో వెతికి తెచ్చి, ఎక్కడిది ఎలా ఉండాలో అడిగి మరీ అమర్చింది. ఆ రోజు నుంచి పాఠం కోడలికి. గొట్టంలో వేన్నీళ్ళు ఎప్పుడు పొయ్యాలి, ఫ్లానెల్ గుడ్డ ఎంత ముక్క చింపాలి, కర్రకి అవిసెనూనె ఎంత రాసి ఎంతసేపు అరచేత్తో రుద్దాలి, స్క్రూడ్రైవరు మొన సానరాయి మీద ఎలా అరగదీస్తే స్క్రూ గాడిలో బిగుతుగా కూర్చుంటుంది, అన్నీ.

ఊళ్ళో పేరు మాత్రం సుధాకరరావుది. చుట్టుపక్కల వాళ్ళు పాడైన నాటు తుపాకులు పట్టుకొచ్చేవారు. ఆయన వాటిని గంభీరంగా అటూ ఇటూ తిప్పి చూసి, "రేపు రండి," అనేవారు. లోపలికి పట్టుకెళ్ళి పెళ్ళానికిచ్చేవారు. మర్నాడు పొద్దున్న అరుగు మీద కూర్చుని తిరిగిచ్చేవారు. "రావుగారి చెయ్యి పడిందంటే తిరుగు లేదు," అనేవారు వాళ్ళు. లోపల పప్పు రుబ్బుతూ అరుంధతి నవ్వుకునేది. ఇందులో ఆవిడకి కష్టం ఎప్పుడూ తోచలేదు. ఆయనకి అదో సరదా, ఆవిడకి ఇదో సరదా. శశికాంత్ ఏడో తరగతిలో 'మా నాన్నగారు' అన్న వ్యాసంలో తుపాకీ బాగుచెయ్యడం గురించే రాసి బహుమతి తెచ్చుకున్నాడు.

ఇప్పుడేమైందంటే, ఎన్నికలొచ్చాయి. లైసెన్సున్న వాళ్ళంతా తుపాకులు స్టేషన్లో అప్పజెప్పాలి. పోయిన ఎన్నికలప్పుడు అప్పజెప్పిన తుపాకీ తిరిగొచ్చేసరికి గొట్టంలో తుప్పు, కర్ర మీద గీతలు. ఊసుపోని వాళ్ళెవరో ఉత్తినే టకటకా పేల్చి ఆడుకున్నట్టున్నారు. ఖాళీగా పేలిస్తే లోపలి పిన్ను విరుగుతుంది. ఆ పిన్ను ఈ భూమ్మీద ఇప్పుడెక్కడా చెయ్యరు. అందుకని అరుంధతి ఈసారి గుర్రాన్ని విప్పేసి, మిగతా తుపాకీకి గుడ్డ సంచీ తొడిగి మొగుడి చేతికిచ్చింది. ఆయన సంచీ విప్పకుండా తీసుకెళ్ళి రసీదు పట్టుకొచ్చారు. గుర్రం లేని తుపాకీతో ఎవడాడతాడు. మరి గుర్రాన్ని ఎక్కడ దాచాలి? ఇల్లు మూడు నెలలు తాళం. నగలూ, లైసెన్సూ, రసీదూ వెంట తెచ్చుకుంది. దీన్నీ తెచ్చుకుంది.

చట్టం సంగతి తోచనే లేదు. ఆవిడకది తుపాకీ కాదు, గుర్రం.

ఉప్మా మాడిన వాసనకి నిఖిల లోపలికొచ్చింది. పొయ్యి కట్టేసి, అత్తగారి చేతిలోంచి అట్లకాడ తీసుకుంది.

"అత్తయ్యా, మీరు కూర్చోండి. మీకు బీపీ."

"నాకేటి బీపీ. బాగానే ఉన్నాను."

"వంటింటి చెత్త గొట్టంలోంచి కిందికి పడేస్తే సరిపోతుంది కదా? కింద లారీ వచ్చి తీసుకుపోతుంది." నిఖిల గొంతు తగ్గించింది. "నేనే పడేస్తాను, ఎవరికీ చెప్పకుండా."

కోడలు ఇంత మాటన్నందుకు అరుంధతికి ముద్దొచ్చింది. పామంటే చాలు మంచమెక్కే పిల్ల. కుటుంబం కోసం నేరం చేస్తానంటోంది.

"చెత్తలో ఎవడికైనా దొరికితే?" అంది. "ఈ బ్లాకులో ఎంతమంది మీదకి పోద్ది?"

నిఖిల మాడిన బాణలి తీసి సింకులో పెట్టింది.

పదకొండింటికి దానయ్య వచ్చాడు. సొంతూరి మనిషి, జూరాంగ్ షిప్‌యార్డుల్లో ఫిట్టరు. పని పర్మిట్టు మీద వచ్చి నాలుగేళ్ళైంది. ఆదివారం ఆదివారం ఈ ఇంట్లో భోజనం. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే బల్ల మీద చూశాడు. చూడగానే నవ్వు మొహం వేశాడు.

"ఇది రావుగారి రైఫిలు గుర్రం కాదేటి? చిన్నప్పుడు మా అయ్యతో వచ్చి చూసీవోణ్ణి. ఎన్నాళ్ళైపోయింది బాబూ."

శశికాంత్ సంగతి చెప్పాడు. దానయ్య నవ్వు ఆగిపోయింది. కాసేపు తల గోక్కున్నాడు.

"నాకిచ్చీండి బాబుగారూ," అన్నాడు. "మా యార్డులో తుక్కు కుప్ప కొండంతుంటాది. అందులో గిరాటేత్తే దేవుడికి కూడా దొరకదు. చిటికెలో పని."

శశికాంత్ ఆ ముక్క వైపు చూశాడు, దానయ్య వైపు చూశాడు. శశికాంత్ మొహంలో ఆశ లేచింది. లేచినందుకు వాడికే సిగ్గేసింది. అరుంధతికి రెండూ కనిపించాయి. కన్న కొడుకు కదా.

"వద్దు," అంది అరుంధతి.

అంతసేపట్లో ఆవిడ హాల్లోకొచ్చి అన్న మొదటి మాట అది.

"గేటు దగ్గర నీ సంచీ తడిమితే? నీ పర్మిట్టుతో పాటు నువ్వూ పోతావు. అక్కడ నీ పెళ్ళానికి మేమేటి చెప్పాలి? మా ఇనప ముక్క కోసం మీ ఆయన్ని జైలుకి పంపించామనా?"

"అమ్మగారూ, మీ ఇంటి అన్నం..."

"అన్నం తినడానికే రా. కాళ్ళు కడుక్కో."

దానయ్య కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళాడు. పోతూ పోతూ భుజం మీది తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

శశికాంత్ ఆఫీసులో పెద్దాయనకి ఫోను చేశాడు, ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. ఆయన రెండే మాటలన్నాడట. పారెయ్యకు, దాచకు, ఇవాళే నువ్వే పట్టుకెళ్ళి పోలీసులకి ఇవ్వు. ఉన్నదున్నట్టు చెప్పు, ఒక్క అబద్ధం దొర్లినా మొదటికే మోసం.

"భోజనం చేసి వెళ్దాం," అన్నాడు శశికాంత్. "నాన్నగారూ, మీరు, నేను. అక్కడ వాళ్ళు అడిగిన దానికి మాత్రమే చెప్పండి. మీ పాత వేట కథలు చెప్పకండి."

"చెప్పనురా," అన్నారు సుధాకరరావు బుద్ధిగా.

చారూ అన్నం ఎవరికీ సయించలేదు. దానయ్య ఒక్కడే తిన్నాడు, తినకపోతే అమ్మగారు బాధపడతారని.

సుధాకరరావు పంచె తీసి ప్యాంటు వేసుకుంటుంటే అరుంధతి గదిలోకొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"ఏమండీ."

"ఊఁ."

"ఎందుకు మీదేసుకున్నారు?"

"ఏది?" అన్నారు ఆయన, బెల్టు వెతుక్కుంటూ.

"నంగనాచి కబుర్లాడకండి. బెల్టు కుర్చీ మీదుంది."

ఆయన బెల్టు తీసుకున్నారు. పెట్టుకోకుండా మంచం అంచున కూర్చున్నారు.

"లైసెన్సు ఎవరి పేరు మీదుంది? నాన్నగారు పోయాక నా పేరు మీద. ముక్క దొరికితే ఎవరిది? నాది. ఇందులో మీదేసుకోడానికేముందే."

"విప్పింది నేను. తెచ్చింది నేను. అబ్బాయి ఆఫీసాయన ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు."

"నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు కూడా నీకు రావు. వాళ్ళు లోపల కూర్చోబెట్టి గంటలు గంటలు అడుగుతారు. నీకు మాత్ర వేళకి పడకపోతే కళ్ళు తిరుగుతాయి."

"మీకు మాత్రం షుగరు లేదా?"

"నా షుగరు సంగతి నేను చూసుకుంటాను."

"ఏనాడు చూసుకున్నారు గనక?"

కింద మైదానంలో పిల్లలు బంతి ఆడుతున్న చప్పుడు పైదాకా వస్తోంది. అరుంధతి ఆయన పక్కన కూర్చుని చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో పెట్టుకున్నది సరిచేసింది. ఈ మనిషి జైలుకి పోతే రాత్రి పూట నీళ్ళ గ్లాసు ఎవరు పెడతారు అనుకుంది. తనలో తనకే ఏడుపొచ్చింది.

"ఇంకో సంగతి కూడా ఉంది," అన్నారు సుధాకరరావు, నేల చూస్తూ. "నువ్వు విప్పానంటే, మరి ఇన్నేళ్ళూ విప్పిందెవరని వాడడుగుతాడు. వాడికి నా గురించి గొప్పగా చెప్పుకోడానికి ఉన్నదదొక్కటే, అరుంధతీ. నేను పొలం అంత బాగా చేసింది లేదు. చదివింది లేదు. మా నాన్నగారి పేరు నిలబెట్టిందీ లేదు. పోయినసారి మనం వచ్చినప్పుడు వాడి చైనా స్నేహితుడికి ఏమని పరిచయం చేశాడో విన్నావుగా. మా ఫాదరు రైఫిలు కళ్ళు మూసుకుని విప్పి బిగిస్తారు అన్నాడు."

ఆ పేరు ఆయనకి ఆటే అనుకుంది అరుంధతి ఇన్నాళ్ళూ. అంత లోతుగా పట్టుకుని వేలాడుతున్నారని తెలియదు.

"నేనూ వస్తాను," అంది చివరికి.

"వచ్చి?"

"ఊరికే కూర్చుంటాను. నోరెత్తను."

"ఒట్టు?"

"ఒట్టు," అంది అరుంధతి. ఆ నిమిషాన నిజంగానే అనుకుంది.

పోలీసు పోస్టు రెండు వీధులవతల, ఇంకో బ్లాకు కింది భాగంలోనే ఉంది. నడిచే వెళ్ళారు. శశికాంత్ చేతిలో ప్లాస్టిక్ డబ్బా, అందులో గుర్రం. అది బాంబయినట్టు ఒంటికి దూరంగా పట్టుకు నడుస్తున్నాడు. ఎండ చుర్రుమంటోంది. దారిలో ఎదురైన తమిళ ముసలావిడ ఒకామె అరుంధతిని చూసి నవ్వి తలూపింది. అరుంధతి కూడా నవ్వింది, ఏం జరగనట్టు.

లోపల కుర్రాడు ఒకడున్నాడు, మలయ్ అబ్బాయి, సార్జెంటు. మర్యాదగా లేచి కుర్చీలు చూపించాడు. శశికాంత్ చెప్పింది మొదటి నుంచి చివరిదాకా అడ్డం రాకుండా విన్నాడు. డబ్బా మూత తీసి, ముట్టుకోకుండా, పెన్నుతో కొంచెం కదిపి చూశాడు. లైసెన్సు పుస్తకం చూశాడు. నర్సీపట్నం స్టేషను రసీదు తెలుగులో ఉంటే శశికాంత్ చదివి చెప్పాడు. ఆ అబ్బాయి ఫోనులో ఎవరితోనో మాట్లాడాడు. వస్తున్నారన్నాడు, పెద్ద ఆఫీసర్లు. ఈలోగా నేను వివరాలు రాసుకుంటాను అని ఫారం తీశాడు. సుధాకరరావు పేరు, పాస్‌పోర్టు నంబరు రాశాడు.

"మీరే విప్పారా సర్?" అనడిగాడు. ఇక్కడినుంచి ప్రతి ముక్కా శశికాంత్ తెలుగులో చెప్పడం, తండ్రి జవాబు ఇంగ్లీషులో చెప్పడం.

"నేనే."

"ఏ పనిముట్టుతో?"

"స్క్రూడ్రైవరు."

"ముందు ఏది విప్పారు?"

సుధాకరరావు గాల్లో చెయ్యి కిందికి లాగి చూపించారు.

"ముందు... లీవరు కిందికి లాగాను. అప్పుడు పైన స్క్రూ ఉంటుంది. అది తిప్పితే ఊడి చేతిలోకొచ్చింది."

లీవరు లాగితే గుర్రం ఊడొస్తుందా, ఎవరింట్లో, అనుకుంది అరుంధతి. పళ్ళ బిగువున ఊరుకుంది.

సార్జెంటు రాయడం ఆపాడు. డబ్బాలోకి మళ్ళీ చూశాడు. "సర్, నేను ఆర్మీలో రెండేళ్ళు చేశాను. ఇలాంటి గన్ చూళ్ళేదు గానీ, గన్ను గన్నే. దీని కింది కొసలో రంధ్రం ఉంది. పక్కనుంచి మేకు దూరాలి. వెనకనుంచి స్ప్రింగు తోస్తూ ఉండాలి. ముందు ఆ స్ప్రింగు వదులు చెయ్యకుండా ఇది బయటికి రాదు. మీరు చెప్పింది కుదరదు."

శశికాంత్ అనువాదం చేశాడు.

"మర్చిపోయి ఉంటాను," అన్నారు సుధాకరరావు.

"ఎన్ని రోజుల కిందట విప్పారు సర్?"

"పది రోజులు."

"పది రోజుల్లో మర్చిపోయారా?" గొంతు కఠినంగా లేదు. కానీ పెన్ను పక్కన పెట్టాడు. "సర్, నేను సూటిగా అడగాలి. ఇది మీకెవరైనా ఇచ్చారా? ఇక్కడ ఎవరికైనా అందించమన్నారా?"

ఆ ప్రశ్న శశికాంత్ తెలుగులోకి మార్చలేదు. మార్చక్కర్లేకపోయింది. వాడి మొహం పాలిపోయిన తీరుకే అరుంధతికి సగం అర్థమైంది. తన మొగుణ్ణి దొంగసరుకు మోసేవాడి కింద జమకట్టబోతున్నారు. ఆయన అబద్ధం ఆయన మెడకే చుట్టుకుంటోంది. ఇంకా ఎందుకు నోరు మూసుకు కూర్చోవడం?

"శశీ," అంది. "ఆ అబ్బాయికి చెప్పు. విప్పింది నేను."

"అమ్మా, నువ్వుండు."

"నేను విప్పాను. నేనే పెనంలో పెట్టాను. మీ నాన్నగారికి తెలీదు."

"ఆయన్ని తప్పిద్దామని నువ్వు మీదేసుకోకమ్మా," అన్నాడు శశికాంత్ ఏడుపు గొంతుతో. "నీకు తుపాకీ గురించి ఏం తెలుసని?"

వాడు నిజంగానే అన్నాడు. అనడంలో ప్రేమ తప్ప ఇంకేం లేదు. అయినా అరుంధతికి ఆ మాట ముల్లులా దిగింది.

సార్జెంటు అటూ ఇటూ చూశాడు. "అమ్మగారేమంటున్నారు?"

"షి ఈజ్ అప్‌సెట్," అన్నాడు శశికాంత్. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

సుధాకరరావు బల్ల కింద భార్య మోచెయ్యి పట్టుకున్నారు. "ఒట్టు వేశావు," అన్నారు మెల్లగా.

"వేశాను," అంది అరుంధతి. ఆయన చెయ్యి తీసి ఆయన ఒళ్ళోనే జాగ్రత్తగా పెట్టింది. బల్ల మీదకి వంగి సార్జెంటు పక్కన పెట్టిన పెన్ను అందుకుంది. తెల్లకాగితం ఒకటి ముందుకి లాక్కుంది.

ముందు తుపాకీ వెనక భాగం గీసింది. కర్ర, మెడ, దాని మీద నిలువు స్క్రూ. దాని పక్కన ఒకటి అంకె వేసింది. కర్రని వెనక్కి లాగినట్టు బాణం గుర్తు. రెండు. లోపల కమాను, వీపు వంచి కూర్చున్నట్టు, దాని కింద బిగింపు స్క్రూ. అక్కడ మూడు వేసి, ఎడమవైపుకి రెండున్నర చుట్లు తిప్పాలని సున్నాలు చుట్టి చూపించింది. ఇంకా విప్పకూడదు, విప్పితే కమాను ఎగురుతుంది, అక్కడ అడ్డగీత కొట్టింది. నాలుగు, పక్క మేకు. అయిదు, గుర్రం పైకి. ఆ మేకు తలకి ఒకవైపు చిన్న గంటు గీసి, డబ్బాలో గుర్రం రంధ్రం అంచున దానికి సరిపడే గీతని పెన్ను మొనతో చూపించింది.

సార్జెంటు కాగితం తనవైపు తిప్పుకుని ఒకటి నుంచి అయిదుదాకా వేలు పెట్టి వెళ్ళాడు. డబ్బాలోకి చూశాడు. మళ్ళీ మొదటికొచ్చాడు. మెల్లగా తలూపాడు.

శశికాంత్ ఆ కాగితం వైపు చూడ్డం లేదు. తండ్రి వైపు చూస్తున్నాడు. సుధాకరరావు తల దించుకున్నారు.

ఆ చూపు అరుంధతి చూసింది. ఆయన్ని కాపాడుకుందామని గీసిన అయిదు అంకెలూ ఆయన్నేం చేశాయో అప్పుడు కనిపించింది. కాగితం లాక్కుని చింపేద్దామా అనిపించింది ఒక్క క్షణం.

సార్జెంటు పాత ఫారం పక్కకి జరిపాడు. కొత్తది తీశాడు.

"మేడమ్, మీ పేరు?"

"అరుంధతి."

ఆ అబ్బాయి పలికి చూసుకుని తప్పుగా రాసుకున్నాడు. సరిగ్గా అప్పుడే బయట కారు ఆగింది. ఇద్దరు ఆఫీసర్లు లోపలికొచ్చారు, వాళ్ళలో ఒకావిడ. ఆ అబ్బాయి లేచి వాళ్ళకి రెండు నిమిషాలు చెప్పాడు, కాగితం చూపించాడు. ఆవిడ కాగితం చూసి, అరుంధతిని చూసి, లోపలి గది తలుపు తెరిచింది.

"మేడమ్ ఒక్కరే," అంది. "తెలుగు మాట్లాడేవాళ్ళని మేమే పిలిపిస్తాం. కొడుకు వద్దు."

"అమ్మకి బీపీ ఉంది," అన్నాడు శశికాంత్ లేస్తూ. ఆవిడ అర్థమైందన్నట్టు చెయ్యి ఎత్తింది గానీ తలుపు మూయలేదు, దారి ఇవ్వనూ లేదు.

అరుంధతి లేచింది. కొంగు భుజం చుట్టూ లాక్కుంది. మొగుడి వైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు. నాలుగడుగులు వేసింది. గది గుమ్మం దాటుతుండగా వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది. అరుగు మీద కూర్చుని ఊరందరితో మాట్లాడే గొంతు అది, పెద్దది, ఎవరు వింటారో అన్న జంకు లేనిది.

"శశీ, విను. మీ తాతగారు ఆ తుపాకీ నా చేతికి ఎన్నడూ ఇవ్వలేదురా. మీ అమ్మకిచ్చారు. నలభై ఏళ్ళూ మీ అమ్మే చేసింది. నువ్వు రాసిన వ్యాసం నా గురించి కాదు."

అరుంధతి వెనక్కి తిరిగేలోగా తలుపు మూసుకుంది.